కంట్లో దారాలు

నా పదవీ విరమణకు కొద్ది సంవత్సరాల ముందు, కరోనా భయం తగ్గి ఆస్పత్రుల వరండాలు మళ్లీ నిండుతున్న ఏడాది, నిజామాబాద్‌లో నేను పనిచేసే ట్రస్టు కంటి ఆస్పత్రికి హైదరాబాద్ నుంచి ఒక యంత్రం వచ్చింది. దాన్ని నడిపే బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను కార్నియా విభాగంలో సీనియర్ కన్సల్టెంటును. కార్నియా అంటే నల్లగుడ్డు మీద చేతిగడియారం అద్దంలా ఉబ్బెత్తుగా ఉండే పారదర్శకమైన పొర. విభాగం అన్న మాటే గానీ అందులో ఉన్నది ఇద్దరమే: నేనూ, ఫరీదా అనే ఆప్టోమెట్రిస్టూ. చూపు పరీక్షలు చేయడం, కంటి లోపలి ఫొటోలు తీయడం ఆమె పని.

యంత్రం పేరు కన్ఫోకల్ మైక్రోస్కోపు. కార్నియాను కోయకుండానే పొర తర్వాత పొరగా, వందల రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. మాకు దాన్ని ఇచ్చింది మాత్రం కంటి జబ్బుల కోసం కాదు, కాళ్ల జబ్బు కోసం. షుగర్ నరాలను తినడం మొదలుపెట్టినప్పుడు ముందుగా పోయేవి వేడిని, చల్లదనాన్ని, నొప్పిని మోసే అతి సన్నని పోగులు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచే మామూలు పరీక్షకు ఇవి అందవు. అది లావు నరాల సంగతే చెబుతుంది. అందుకే రోగికి అరికాళ్లు మండిపోతుంటాయి, రిపోర్టు మాత్రం అంతా బాగుందని వస్తుంది. చర్మంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తెలుస్తుంది గానీ, పుండు మానదేమోనన్న భయంతో మా వైపు దానికి ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఒంట్లో ఇలాంటి పోగులు అన్నిటికంటే దట్టంగా ఉండేది కార్నియాలో. పైగా అది అద్దం. పాదంలో పోగులు నశిస్తున్న మనిషికి అక్కడా నశిస్తుంటాయి. పాదాన్ని కోసే బదులు కంట్లోకి చూస్తే చాలు.

అంతకుముందు కళ్లద్దాల ఫ్రేములు దాచుకునే కిటికీ లేని గదిని ఖాళీ చేసి యంత్రాన్ని అందులో పెట్టారు. రోగి కంట్లో మత్తు చుక్క వేస్తాం. గడ్డాన్ని ఆనించి, తలను పట్టీతో కదలకుండా కడతాం. యంత్రం కొనకు కొత్త టోపీ తొడిగి, జెల్ పూసి, కంటి మీద తాకీతాకనట్టు ఆనిస్తాం. రెండో కన్ను ఎదురుగా వెలిగే చిన్న దీపాన్నే చూస్తుండాలి. దీపాలన్నీ ఆర్పాక తెర మీద బొమ్మ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే నల్లని నేల మీద తెల్లని దారాలు, మగ్గం మీద పడుగులా ఒకే దిక్కుకు సాగి, మధ్యమధ్య సన్నని కొమ్మలు వేస్తూ కనిపిస్తాయి. రోగి గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ దారాలన్నీ ఒక్కసారిగా కొంచెం కదులుతాయి. ఎన్ని వందల కళ్లు చూసినా ఆ కదలికకు నేను అలవాటు పడలేదు. మొదటి వారంలోనే ఫరీదా అంది: “మేడమ్, మనిషి ఎదురుంగనే కూసుంటడు. కానీ మనం ఆయన్ను గాదు, లోపల ఉన్న ఇంకెవరినో చూస్తున్నట్టు అనిపిస్తది.”

గంగామణి వచ్చింది చెరకు నరికే కాలంలో. పట్టణంలో ప్రాక్టీసు చేసే ఒక ఫిజీషియన్, నాకు పాత పరిచయస్థుడు, ఆమెను పంపాడు. బోధన్ దాటాక మంజీర వైపు ఉన్న ఊరు. పేరు ఇక్కడ రాయను. నలభై ఏళ్లుంటాయి. భర్త సాయిలు వెంట వచ్చాడు. వాళ్లకు కొంత చెరకు, కొంత పసుపు ఉన్నాయి. పెద్ద చక్కెర కార్ఖానా మూతపడ్డాక ఆ ఊళ్లో చెరకు తగ్గింది. వేసిన కొద్దిమందీ బెల్లం బట్టీలకు తోలుతున్నారు.

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, తడి గోనెపట్టా ముక్కను పాదాలకు చుట్టుకుని వచ్చింది. అడిగితే, “పొద్దుగూకంగనే మొదలైతది డాక్టరమ్మ. నిప్పుల మీద నిలవెట్టినట్టు. ఇగ చీమలు పాకుతయి. సూస్తె ఏం లేదు. దుప్పటి అంచు తాకినా పానం పోతది,” అంది. ఏడాదిగా ఇలాగే ఉందట. పరగడుపు షుగర్ చూస్తే బాగుందన్నారు. నరాల పరీక్షా బాగుందన్నారు. ఒక డాక్టరు మనసుకు సంబంధించిందని నిద్రమాత్రలు రాశాడు. పాదాలు నేను కూడా చూశాను. ఎర్రదనం లేదు, వాపు లేదు, పుండు లేదు. ఆమె చెప్పే బాధకూ ఆ పాదాలకూ ఎక్కడా పొంతన లేదు.

ఎప్పటినుంచి అని అడిగాను. జవాబు సాయిలు చెప్పాడు. “నర్సవ్వ మా కడప తొక్కిన కాన్నుంచి.”

నర్సవ్వ వాళ్ల ఎదురింటి విధవరాలు. ఒకరోజు వచ్చి చల్ల అడిగిందట, గంగామణి లేదు పొమ్మందట. ఆ వారంలోనే మంట మొదలైంది. ఊళ్లో అందరి మాటా ఒకటే: బాణామతి. మా ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: దూరాన కూర్చుని మంత్రంతో ఎదుటి మనిషి ఒంట్లో మంటలు, నొప్పులు పుట్టిస్తారని నమ్మకం. అలా చేసే మనిషి పళ్లు పీకేస్తే మంత్రం సరిగ్గా పలకదని ఇంకో నమ్మకం. మాది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు మా ఇంట్లో ఈ మాట ఎత్తనిచ్చేవారు కాదు. అయినా పళ్లు లేని ఒక ముసలావిడ మా వీధి వెంట పోతుంటే పిల్లలమంతా గోడకు అంటుకుపోయి నిలబడేవాళ్లం. ఎందుకో మాకెవరూ చెప్పలేదు.

“నరుకుడు అయినంక పెద్దమనుషులు ఊర్ల కూసుంటరు. గామె సంగతి తేలుస్తరు,” అన్నాడు సాయిలు. అతని గొంతులో కోపం లేదు. వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు.

గంగామణిని యంత్రం ముందు కూర్చోబెట్టాం. తెర మీద బొమ్మ నిలవగానే ఫరీదా నావైపు చూసింది. ఉండాల్సిన పడుగు లేదు. అక్కడొకటి ఇక్కడొకటి సన్నని పోగులు, కొన్ని మధ్యలో తెగి, కొన్ని పూసలు గుచ్చినట్టు ముద్దలు కట్టి ఉన్నాయి. వాటి మధ్య చిన్నచిన్న తెల్లని చుక్కలు మెరుస్తున్నాయి. అవి దెబ్బ తగిలిన చోటికి చేరే రక్షణ కణాలు. ఏడాదిగా ఎవరికీ కనపడని మంట మొదటిసారి కంటికి కనిపించింది. చెప్పొద్దూ, నాకు సంతోషమే కలిగింది.

దీపం వేసి దంపతులిద్దరికీ చెప్పాను. ఇది నరాల జబ్బు, మొదటి దశలో పట్టుకున్నాం, గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత షుగర్ చూస్తే కారణం బయటపడవచ్చు, మందులున్నాయి. గంగామణి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింది. సాయిలు మాత్రం నా మాట వినడం లేదు. తెర వైపే చూస్తున్నాడు. “ఫొటో దీస్కోవచ్చా అమ్మా?” అని అడిగాడు. రోగుల బొమ్మలు వాళ్లవే, తీసుకోమన్నాను. ఫోన్లో తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి చూసుకుని, నెమ్మదిగా అన్నాడు: “దారాలు.”

ఫిజీషియన్ చేయించిన పరీక్షలో కారణం దొరికింది. పరగడుపున మామూలుగా ఉండే షుగర్ గ్లూకోజు తాగాక దిగడం లేదు. షుగర్ జబ్బు గడప దగ్గర నిలబడి ఉన్న దశ అది. బి12 విటమిను కూడా తక్కువగా ఉంది. మా దృష్టిలో కేసు స్పష్టమైంది.

ఆ వారాంతంలో ఫరీదా నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. ఫోన్ నా ముందు పెట్టింది. బోధన్‌లో ఉండే ఆమె ఆడబిడ్డ పంపిన వాట్సాప్ సందేశం. గంగామణి కంటి బొమ్మే, మా తెర మీదిదే. కింద ఒక మగగొంతు: “నిజామాబాద్ పెద్ద దవాఖాన్ల మిషిన్ల వట్టుకున్నరు. కంట్లె దారాలు సుట్టి ఉన్నయ్. ముడులు గూడ ఉన్నయ్, సూడుండ్రి. ఇగ గిది బాణామతి గాకపోతె ఏంది?” ఆ సందేశం ఎన్ని ఊళ్లు తిరిగిందో తెలియదు. పూసల్లాంటి ముద్దలను మేము నరం చచ్చిపోతున్న గుర్తుగా చదివాం. ఊరు ముడులుగా చదివింది.

నేను ఆ మండలం పోలీసులకు ఫోన్ చేశాను. ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు గానీ ఒకసారి వెళ్లి చూస్తామన్నారు, వెళ్లారు కూడా. ఊళ్లో అందరూ అట్లాంటిదేమీ లేదని చెప్పి పంపించారు. మా ఆస్పత్రి వారానికో ఊరికి కంటి శిబిరం పంపుతుంది. ఆ వారం శిబిరం ఇందల్వాయి వైపు ఉండాల్సింది. మెడికల్ సూపరింటెండెంటుకు సంగతి చెప్పి, దాన్ని సాయిలు ఊరికి మార్పించాను. ఫరీదా, నేనూ వ్యానులో వెళ్లాం.

ఊరి పొలిమేరలోనే బెల్లం బట్టీలున్నాయి. చెరకు పిప్పి కాలిన బూడిద గాలికి లేచి పొలాల మీద, ఇళ్ల మీద, మనుషుల మీద పడుతోంది. బడి వరండాలో బల్లలు వేసుకున్నాం. జనం బాగా వచ్చారు. అందరూ కళ్లు నులుముకుంటున్నారు, తుడుచుకుంటున్నారు. వరండా చివర స్తంభానికి ఆనుకుని ఒక ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చుట్టూ జాగా ఖాళీగా ఉంది. అంత రద్దీలోనూ ఆ ఖాళీలోకి ఎవరూ అడుగు పెట్టడం లేదు. ఎవరూ చెప్పకుండానే ఆమె నర్సవ్వ అని అర్థమైంది.

నేనే దగ్గరికి వెళ్లాను. అప్పుడు గమనించాను, ఆమె రెప్ప వేయడం లేదు. నన్ను చూస్తోంది, కానీ రెప్ప పడటం లేదు. గాలి ఒక్కసారిగా విసిరింది. నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. తెరిచేసరికి ఆమె ఎడమ కంటి మీద, సరిగ్గా నల్లగుడ్డు మీద, బూడిద రేణువొకటి అంటుకుని ఉంది. ఆమె దాన్ని తీయలేదు. కన్నీరు రాలేదు. అలాగే నన్ను చూస్తూ, “నన్ను గూడ సూస్తవా బిడ్డా?” అంది.

ముప్పై ఏళ్లు కళ్లు చూసిన మనిషిని. అయినా చిన్నప్పటిలా గోడకు అంటుకుపోవాలనిపించింది. నాకు తెలిసిన పరీక్ష మొదలుపెట్టాను. దూదిని సన్నని పోగులా మెలిపెట్టి, పక్కనుంచి తెచ్చి, నల్లగుడ్డుకు తాకించాలి. ఎవరైనా సరే తల వెనక్కి లాక్కుంటారు, రెప్ప టక్కున పడుతుంది. మత్తు చుక్క వేయకముందే చేయాల్సిన పరీక్ష ఇది. నర్సవ్వ కంటికి దూది తాకించాను. రెప్ప పడలేదు. ఇంకోసారి తాకించాను. రెండో కంటికీ తాకించాను. ఆమె కదలలేదు.

వెనక ఎవరో అన్నారు: “సూసిండ్రా? సూసిండ్రా?” జనం గుమిగూడి ఉన్నారని అప్పుడు తెలిసింది. ఒక ముసలాయన, పోశెట్టి అని ఆ ఊరి కులపెద్ద, ముందుకు వచ్చాడు. “డాక్టరమ్మా, గీమె బట్టీల నిప్పులు ఒట్టి చేత్తోని ఎగదోస్తది. మేం సూసినం. మసులుతున్న పాకం మీద పడ్డా ఉలుకదు. మనిషైతె ఉలుకదా?”

చేతులు చూపించమన్నాను. నర్సవ్వ చాచింది. వేళ్ల కొసలు కాలి, మాని, మళ్లీ కాలి మొద్దుబారి ఉన్నాయి. మా జిల్లాలో స్పర్శ లేదనగానే ముందు కుష్ఠు గుర్తుకొస్తుంది. చర్మం మీద మచ్చలు, మోచేతి దగ్గర నరం ఉబ్బు వెతికాను, కనబడలేదు. ఫరీదా వేలి కొసన సూది గుచ్చి రక్తం చుక్క తీసి షుగర్ మీటరుకు పెట్టింది. సూది గుచ్చినప్పుడు నర్సవ్వ ఇంకెటో చూస్తోంది. మీటరు అంకె చూపలేదు. కొలవగలిగినంతకు మించి ఉందన్న గుర్తు మాత్రం చూపింది.

నేను పోశెట్టితో అక్కడే వాదించలేదు. వాదిస్తే అది నా మాటకు ఎదురు ఊరి మాట అయ్యేది. ఒకటే అడిగాను. బొమ్మ తీసిన యంత్రాన్ని మీరే వచ్చి చూడండి, నర్సవ్వనూ దానిముందు కూర్చోబెడదాం, చూశాక మీరేం చేయదలచుకున్నారో ఆలోచించండి. ఆయన సరేనన్నాడు. ఆమె కంట్లో ఏముందో చూడాలని ఆయనకూ ఉంది.

మర్నాడు మా వ్యాను వెళ్లి పోశెట్టిని, సాయిలును, గంగామణిని, నర్సవ్వను తీసుకొచ్చింది. డ్రైవరు తర్వాత చెప్పాడు, ముగ్గురూ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నారని, ముందు వరుసంతా నర్సవ్వకు వదిలేశారని.

ముందుగా సాయిలు కన్ను చూపించాను. నా ఉద్దేశం సులువైనది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కంట్లోనూ దారాలుంటాయని, ఉండటమే మంచిదని చూపించాలి. తెర మీద తెల్లని పడుగు నిండుగా పరుచుకుంది. సాయిలు పట్టీ విప్పగానే తెర చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. “నాకు గూడ వెట్టిందా!” అన్నాడు. కాదని, అవి దేవుడిచ్చిన నరాలని, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని చెప్పాను. పోశెట్టి తనకు తీయమన్నాడు. వయసు వల్ల కొంచెం పలచబడ్డా, ఆయనకూ ఉన్నాయి. ఫరీదా తనంతట తానే కూర్చుంది, ఆమెకు నేను తీశాను. ఆమెకూ ఉన్నాయి. పోశెట్టి ముఖంలో బిగువు సడలింది. నేను అనుకున్నట్టే జరుగుతోంది.

తర్వాత నర్సవ్వ. ముందు పసుపు రంగు మందు వేసి, నీలి వెలుతురులో చూసి, కంటి పైపొర ఎక్కడా చిట్లలేదని నిర్ధారించుకున్నాను. తల పట్టీ ఫరీదా కట్టింది. దీపాలు ఆర్పాం.

తెర మీద ఏమీ లేదు.

బూడిదరంగు పొగమంచు లాంటి వెలుతురు, అంతే. లోతు మార్చాను. పైపొర కణాలు వచ్చాయి, పోయాయి. కింది పొర వచ్చింది. మధ్యలో ఉండాల్సినది లేదు. పక్కలకు జరిపాను, పైకి, కిందికి. ఒక మూల ఎక్కడో తెగిన పోగు ముక్క ఒకటి కనిపించి జారిపోయింది. మళ్లీ బూడిదరంగు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ఖాళీ కొంచెం కదులుతోంది. చీకట్లో పోశెట్టి గొంతు వినబడింది.

“అందరికి ఉన్నయ్. గామెకే లేవు.”

“దారాలు అందరి కండ్లల్లకు ఎక్కించినామె కండ్లల్ల ఎందుకుంటయి?” అన్నాడు ఆయనే.

నా దగ్గర జవాబు ఉంది. షుగర్ ఎన్నేళ్లుగానో ముదిరి పోగులన్నీ చచ్చిపోయాయని, అందుకే నిప్పు కాలినా తెలియదని, రెప్ప పడదని చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ నా మాటలు గోడకు తగిలి కింద పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఊరు రెండూ కళ్లారా చూసింది: మంటతో మాడిపోతున్న ఆడది, నిప్పు అంటని ఆడది. ఒకదాని మంట ఇంకోదాని దగ్గరికి పోయిందని కాకుండా వాళ్లు ఇంకేమనుకుంటారు? నేను తీసిన బొమ్మలు ఆ కథను చెదరగొట్టకపోగా పూర్తి చేశాయి.

ఫరీదా దీపం వేసి పట్టీ విప్పింది. నర్సవ్వ కుర్చీలోనే ఉంది. తన గురించి ఏమంటున్నారో విన్నది. తెర వైపు చూసి, “నాయి సచ్చిపోయినయ్ గదా బిడ్డా?” అని నన్నడిగింది. అవునన్నాను. ఆమె తలూపింది. “గందుకే సల్లవడ్డయ్,” అంది.

గోడ పక్కన ఇప్పటిదాకా నోరు మెదపని గంగామణి అడిగింది: “ఏం సల్లవడ్డయ్?”

“కాళ్లు. నాయి గూడ మండినయ్ గద. మా ఆయన సచ్చిపోయిన యేడు. పొద్దుగూకంగనే మొదలయ్యేటియి. కాలువల కాళ్లు వెట్టుకోని కూసుందును.”

గంగామణి ఒక అడుగు ముందుకు వేసింది. సాయిలు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంది. “చీమలు పాకినట్టయిందా?”

“చీమలే. లేసి దులుపుకుందును. దీపం వెట్టి సూస్తె ఒక్కటి లేకపోవు.”

“దుప్పటి?”

“దుప్పటి ఎందుకు, చీర అంచు తాకినా ఏడుద్దును. ఎవరికి సెప్పినా, ముసల్దానివి నాటకం అన్నరు. మాత్రలు దెచ్చుకున్న కొన్నొద్దులు. ఇగ ఒక్కొక్కటిగ సల్లవడుకుంట వచ్చినయ్. మంచిగైనయనుకోని మాత్రలిడిసిన.”

ఆ చిన్న గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా ఉన్నారు. ఒకరు చెప్పబోయే మాట రెండోవారి కళ్లలో ముందే కనిపిస్తోంది. ఏడాదిగా గంగామణి తన బాధను డాక్టర్లకు, భర్తకు, ఊరికి చెప్పుకుంది. తనకు జరిగేది జరిగినట్టు తిరిగి చెప్పిన మనిషి ఆమెకు ఇంతవరకు దొరకలేదు. దొరికిన మనిషి ఈమె.

“ఇప్పుడు నొప్పి లేదా?” గంగామణి అడిగింది.

“ఏం లేదు బిడ్డా. ఏం తెల్వది.”

ఫరీదా నర్సవ్వ కాలికి చుట్టుకున్న గుడ్డ చూసి, ఇదేమిటని అడిగింది. ఏదో తడిగా అయితే చుట్టుకున్నానంది నర్సవ్వ. ఫరీదా కింద కూర్చుని గుడ్డ విప్పింది. గది నిండా వాసన వచ్చింది. అరికాలిలో లోతైన పుండు. దాని మధ్యలోంచి నల్లగా ఏదో పొడుచుకొచ్చి ఉంది. పట్టకారుతో లాగితే చెరకు మోడు చీలిక, వేలంత పొడవుది, వచ్చింది. నరికిన చేలో ఎప్పుడో గుచ్చుకుని ఉంటుంది. దాని మీదే ఆమె నడుస్తోంది. లాగుతున్నంతసేపూ నర్సవ్వ ఫరీదా తల మీది ముసుగు సర్దుతూ, “మంచిగ సదువుకున్నవా బిడ్డా?” అని అడుగుతోంది.

గంగామణి ఆ పాదాన్ని చూసింది. తర్వాత తడి పట్టా చుట్టుకున్న తన పాదాలను చూసుకుంది. ఆమె ముఖంలో అప్పుడు నేను చూసిన భయం బాణామతి భయం కాదు. అంతకంటే పెద్దది. ఎదురింటి మనిషి తనకు చెడు చేసిన మనిషి కాదని, తాను పోబోయే దారిలో ముందు నడిచిపోయిన మనిషని ఆమెకు అర్థమైంది.

“నేను గట్లనే అయితనా?” అని నన్నడిగింది.

కాకుండా చేయడానికే మేమున్నామని, ఆమెకు పోగులు ఇంకా మిగిలి ఉన్నాయని, అవి తిరిగి పెరిగే అవకాశం ఉందని, మండుతున్నాయంటే బతికే ఉన్నాయని చెప్పాను. ఈసారి నా మాట చేరింది.

నర్సవ్వను ఆ రోజే ఫిజీషియన్ దగ్గరికి, అక్కడినుంచి సర్జను దగ్గరికి పంపాం. రెండు కాలివేళ్లు తీసేశారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. కళ్లు ఎండిపోయి పుండ్లు పడకుండా నేను చుక్కలు, పడుకునేముందు పూసుకునే ఆయింట్‌మెంటు ఇచ్చాను.

ఊరి పంచాయితీ జరిగింది. నేను వెళ్లలేదు, సాయిలు తర్వాత చెప్పింది రాస్తున్నాను. పోశెట్టి సంగతి ఎత్తగానే గంగామణి లేచి నిలబడిందట. ఆ ఊళ్లో ఆడవాళ్లు అలా నిలబడటం అరుదు. “నా మంట నాది. గామె నాకేం జెయ్యలే. గామెకు గిదే అయింది, మనమెవ్వలం ఇనలే. ఎవలన్న గామె మీద చెయ్యేస్తె నేను ఠాణాకు పోత,” అందట. బాధపడ్డ మనిషే ఫిర్యాదు లేదంటే పంచాయితీకి పని లేదు. లేచిపోయారు. అందరూ నమ్మారని కాదు. నిజామాబాద్ డాక్టరమ్మ ఏదో కట్టు కట్టి మంత్రాన్ని ఆపిందని ఒక మాట చాలాకాలం నడిచింది. పోశెట్టి ఆ తర్వాత శుక్లం ఆపరేషనుకు మా దగ్గరికే వచ్చాడు గానీ, ఆ రోజు సంగతి ఎత్తలేదు. నర్సవ్వ బట్టీ పని మానేసింది. ఆమె చేతినుంచి నీళ్లు తీసుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారని విన్నాను.

గంగామణికి మంట పూర్తిగా పోలేదు, తగ్గింది. అన్నం తగ్గించి జొన్నరొట్టెకు మారింది, పొద్దున్నే చేను దాకా నడిచేది, మాత్రలు మానలేదు. మరుసటి సంవత్సరం చెరకు కాలానికి మళ్లీ బొమ్మ తీశాం. పాత పోగుల పక్కనుంచి సన్నని కొత్త కొమ్మలు కొన్ని వచ్చాయి. నేను ఊహించినదానికంటే తక్కువే. ఆమెకు చూపిస్తే చాలాసేపు చూసి, నర్సవ్వకు కూడా ఇట్లా వస్తాయా అని అడిగింది. రావని చెప్పాల్సి వచ్చింది. రోజూ పొద్దుగూకే వేళకు ఎదురింటికి వెళ్లి నర్సవ్వ పాదాలు తానే తిప్పి చూస్తున్నానని అప్పుడు చెప్పింది. ముసలామెకు గుచ్చుకున్నది తెలియదు కాబట్టి, తెలిసే మనిషి ఒకరు చూడాలి కదా అంది.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి రెండు. మొదటిది వైద్యానికి సంబంధించింది. ఈ జబ్బులో నొప్పి ఉన్నదని వచ్చే రోగి కంటే, నొప్పి పోయిందని రాని రోగి ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. అందుకే మంటతో వచ్చిన ప్రతి మనిషినీ, మీ ఇంట్లో, మీ వాడలో ఇలా మండి తర్వాత తగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగడం మా విభాగంలో అలవాటు చేశాను. అలా దొరికినవాళ్లు చాలామంది. రెండోది యంత్రానికి సంబంధించింది. ఒంట్లో ఏమైందో అది చెబుతుంది, చాలా ఖచ్చితంగా చెబుతుంది. మనిషి మాత్రం చాలాసార్లు ఏమైందని కాదు, ఎవరు చేశారని అడుగుతాడు. ఆ ప్రశ్నకు అతని దగ్గర ముందే ఒక జవాబు ఉంటే, మనం చూపించే ప్రతి బొమ్మా ఆ జవాబు పక్కకే చేరుతుంది. కాబట్టి తెర వెలిగించకముందే అతను ఏమనుకుంటున్నాడో అడిగి తెలుసుకోవాలి. పదవీ విరమణ దాకా నేను ఆ క్రమం తప్పలేదు.